బుగ్గ మీద సూదులు వర్ధిల్లుగాక!

దేశంలో ప్రతి మనిషి ముఖాన్నీ ఏడాదికి ఒక్కసారైనా సూదులతో పొడిపించాలని నేను డిమాండ్ చేస్తున్నాను. ఆధార్ కార్డులాగా దీన్నీ తప్పనిసరి చేయాలి. ముఖం పొడిపించుకోని వాళ్లకు బస్సులో సీటు కూడా ఇవ్వకూడదు!

నవ్వకండి. నేను సరదాకి మాట్లాడే మనిషిని కాను. ఇల్లందు బస్టాండు వెనక నా టైలరింగ్ షాపు చూసినవాళ్లకు తెలుసు, సూది విషయంలో నా మాటకు ఎంత బరువుందో. ఊళ్లో సగం జాకెట్లు నా చేతి మీదుగా వెళ్లినవే. సూది వల్ల చెడిపోయిన వస్తువును నేను ఇంతవరకు చూడలేదు. జాకెట్టు చెడిందంటే అది కత్తెర తప్పు.

ఈ సూదుల వైద్యాన్ని మైక్రోనీడ్లింగ్ అంటారు. మొటిమలు మానిపోయాక బుగ్గల మీద గుంటలు మిగిలిపోతాయి కదా, వాటి కోసం చేస్తారు. ముందు ముఖమంతా మత్తు క్రీము రాసి కూర్చోబెడతారు. ముఖం మొద్దుబారాక, లావుపాటి పెన్నులాంటి మిషన్‌తో సన్నసన్నటి సూదులు టకటకా గుచ్చుకుంటూ పోతారు. చర్మం ఉలిక్కిపడుతుంది. నాకేదో దెబ్బ తగిలిందనుకుని లోపల్నుంచి కొలాజెన్ అనే సరుకు తయారుచేసుకుని, పాత గుంటల్ని కూడా మెల్లమెల్లగా పూడ్చుకుంటుంది.

అంటే ఏమిటి? గుంట పూడాలంటే దాని చుట్టూ ఇంకా పొడవాలి! మన రోడ్లు వేసేవాళ్లు ఎన్నాళ్లుగానో పాటిస్తున్న సిద్ధాంతం ఇదే కదా! ఉన్న గుంతను వదిలేసి పక్కన ఇంకో నాలుగు తవ్వి వెళ్లిపోతారు. వాళ్లను మనం అనవసరంగా తిట్టుకున్నాం. కాకపోతే రోడ్డుకు కొలాజెన్ ఊరదు, అంతే తేడా.

ఇంతకీ ఈ విజ్ఞానం నాకెలా అబ్బిందో చెప్పాలి. మా తమ్ముడి కూతురు స్తుతి ఉంది. డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతోంది. గొంతు బంగారం. నా మేనకోడలని చెప్పడం లేదు, దాని గొంతు వింటే మా వీధిలో మిక్సీలు ఆపేస్తారు. ఇంటర్మీడియెట్‌లో మొటిమలు వచ్చాయి, పోయాయి. పోతూ పోతూ రెండు బుగ్గల మీదా గుంటలు వదిలి వెళ్లాయి.

గుంటలతో పాటు సలహాలు కూడా వచ్చిపడ్డాయి. ఆ పిల్ల ముఖం కనపడితే చాలు, ఇల్లందులో ప్రతి మనిషీ స్కిన్ డాక్టరే! ఒకరు వేడి చేసిందంటారు. ఒకరు టూత్‌పేస్టు రాయమంటారు. ముల్తానీ మట్టి, ఎర్రకందిపప్పు, మేకపాల మీద నురగ. కారేపల్లి దగ్గర బస్సెక్కిన ముక్కూ మొహం తెలియని ఒకావిడ, టికెట్ కూడా తీసుకోకుండా దీని గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పి చూసింది. వంకాయలు కొనేటప్పుడు కూడా మనం అంత శ్రద్ధగా చూడం!

స్తుతికి ఇదంతా లెక్కలేదు. అందరికీ తల ఊపేది, ఇంటికొచ్చి పాడుకునేది. తనే పాటలు కడుతుంది కూడా. మా చర్చి స్వర్ణోత్సవం కోసం ఓ పాట రాసి, తనే బాణీ కట్టుకుంది. మా పాస్టరు అయ్యగారు విని, వేదిక మీద ఒక్కదానివే పాడాలమ్మా అన్నారు. మా ఇంట్లో ఆ రోజు పండగే. ఎందుకంటే ఆ పాట రెండో చరణం మా నాన్న ఇన్నయ్య గురించి. ఆయన బొగ్గుబాయిలో పని చేసి రిటైరై, ఆ విశ్రాంతి ముచ్చట తీరకుండానే కన్నుమూశాడు. చర్చి పునాది మట్టి మోసినవాళ్లలో ఆయనా ఉన్నాడు. ఊరంతా కూర్చుని ఆయన మీద చరణం వినడమంటే మామూలు సంగతా, మీరే చెప్పండి!

సరిగ్గా అప్పుడే చర్చిలోకి ఎల్‌ఈడీ స్క్రీన్ వచ్చింది.

దాని సృష్టికర్త ఎబినేజర్. బస్టాండు ఎదురుగా మొబైల్ షాపు నడుపుతాడు, చర్చిలో కెమెరాలూ లైవ్ టెలికాస్టూ చూస్తాడు. స్వర్ణోత్సవానికి వేదిక పక్కన గోడంత స్క్రీన్ పెట్టించాడు. ఓ సాయంత్రం షాపుకొచ్చి, నా కుట్టుమిషన్ మీద చెయ్యి వేసి, గొంతు తగ్గించి అన్నాడు.

"సంపూర్ణక్కా, పాట మంచిగుంది, కాదంటలేను. కానీ నేను క్లోజప్ కొడితే స్తుతి బుగ్గ తలుపంత కనపడ్తది. గా మచ్చలు గూడ గట్లనే కనపడ్తయి. లైవ్‌ల దునియా మొత్తం చూస్తది. పాట ఇంకెవరితోనన్న పాడిద్దాం, స్తుతిని వెనక కోరస్‌ల నిలబెడదాం. ఏమంటవ్?"

ఏమంటాను! నా చేతిలో కత్తెర ఉంది, అయినా అతను క్షేమంగా ఇంటికి వెళ్లాడు. ఇది నా సహనానికి నిదర్శనం.

స్తుతికి చెబితే ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. అన్నం కలుపుకుంటూ అంది, "అత్తా, మచ్చలు నాకెన్నడు అడ్డం రాలె. నా పాటకు అడ్డమొచ్చినయంటె మాత్రం ఊకోను. తాత చరణం నేనే పాడాలె. ఏం చేయాల్నో చెప్పు, చేపిచ్చుకుంట."

అలా మేం ఖమ్మం ప్రయాణం కట్టాం. స్కిన్ డాక్టరు ఫరహా గారి క్లినిక్కి. మేమంటే నేనూ, స్తుతీ, పక్కింటి పుల్లమ్మా. పుల్లమ్మను ఎవరూ పిలవలేదు. సూదుల వైద్యమని చెవిన పడగానే ఆవిడే వచ్చి బస్సెక్కింది.

ఇక్కడ మా ప్రాంతం గురించి ఒక మాట చెప్పాలి. మా దగ్గర సూది ఇవ్వని డాక్టరును డాక్టరుగా ఒప్పుకోరు. మాత్రలు రాసి పంపిస్తే, "గాయనకు ఏం తెల్వదు" అని పక్క దవాఖానాకు పోతారు. జ్వరమొచ్చినా సూదే, నడుం పట్టినా సూదే, కోడలు అలిగి పుట్టింటికి పోతే అత్తకు కూడా సూదే! అలాంటి పుల్లమ్మకు ఒకే పూటలో ఇన్ని సూదులు వేసే డాక్టరమ్మ ఉందంటే కాలు నిలుస్తుందా?

"ఒక్క సూదికే నా నడుం నొప్పి పోతది సంపూర్ణా. గన్ని సూదులంటె ఇగ జన్మల రాదు గద!" అంది బస్సులో.

క్లినిక్‌లో స్తుతి ముఖానికి మత్తు క్రీము పట్టించి కూర్చోబెట్టారు. పుల్లమ్మ ఈలోపు చీర మోకాళ్ల దాకా లాగి తయారుగా కూర్చుంది. డాక్టరుగారు మిషన్ తీసుకుని రాగానే లేచి ఎదురెళ్లింది.

"డాక్టరమ్మా, గా మిషిని నా మోకాళ్ల మీద గూడ ఒకపాలి తిప్పరాదు?"

ఫరహా గారు ఓర్పు గల మనిషి. "అమ్మా, ఇది నొప్పులకు కాదు, చర్మానికి" అంది.

"అయితె నా మోకాలికి చర్మం లేదా?"

డాక్టరుగారు ఎండీ చేసింది. ఆ ప్రశ్నకు జవాబు ఆవిడ చదివిన పుస్తకాల్లో లేదు.

స్తుతికి సూదులు వేస్తుంటే నేను పక్కనే నిలబడ్డాను. ఆ మిషన్ పనితనం చూసి ఈర్ష్య పుట్టింది. నేను ఎంబ్రాయిడరీలో అంత సన్న కుట్టు ఎన్నడూ వేయలేదు. ముఖమంతా ఆవగింజల్లాగా నెత్తురు చుక్కలు పొడిచాయి. మధ్యలో స్తుతి నా వేలు గట్టిగా పట్టుకుంది. నొప్పి ఉందా అని అడిగితే, "బస్సుల గడ్డం పట్టుకుంటె అయ్యేటంత లేదత్తా" అంది.

వచ్చేటప్పుడు డాక్టరుగారు గట్టిగా చెప్పింది. "ఎండల తిరగొద్దు. నేను రాసిచ్చింది తప్ప ముఖానికి ఏది రాయొద్దు. పసుపు వద్దు, నూనె వద్దు. ఎర్రగైతది, భయపడొద్దు, రెండు మూడు రోజులల్ల తగ్గుతది. మచ్చలు పూర్తిగ పోతయని నేను చెప్పను, తగ్గుతయి. నెలకోసారి రావాలె."

చూశారా ఎంత గొప్ప వైద్యమో! రోగికి గడప దాటొద్దని శాసనం! బుగ్గ మీద ఎవరి చెయ్యీ పడకూడదని ఆంక్ష! ఆ పిల్ల జీవితంలో మొదటిసారి ఎవరి సలహా వినకుండా ఇంట్లో పడుకుంది. ముఖం పండు మిరపకాయలా ఉన్నందుకు అందరూ దూరంగా జరిగారు. ఇంత ప్రశాంతత కోసం జనం ఎక్కడెక్కడి ఆశ్రమాలకో పోతుంటారు, పాపం!

ఈలోపు పుల్లమ్మ ప్రచారంతో ఊళ్లో మైక్రోనీడ్లింగ్‌కు పేరొచ్చింది. నా షాపుకి జాకెట్లు తగ్గి సందేహాలు ఎక్కువయ్యాయి. షుగరుకు పనిచేస్తుందా? గ్యాసుకు? పాలివ్వని బర్రెకు పొదుగు మీద తిప్పితే? పరీక్ష తప్పిన కొడుకు నుదుటి మీద తిప్పితే? నేనెవరినీ నిరాశపరచలేదు. అందరినీ ఖమ్మం బస్సెక్కమన్నాను.

ఎబినేజర్‌కు మాత్రం ఖమ్మం వెళ్లేంత తీరిక లేదు. ఆన్‌లైన్‌లో సూదుల రోలర్ తెప్పించుకుని, చపాతీ ఒత్తినట్టు సొంత బట్టతల మీద తనే ఒత్తుకున్నాడు. జుట్టు రాలేదు, చీము వచ్చింది. వారం రోజులు హెల్మెట్ పెట్టుకోలేక బండిని తోసుకుంటూ తిరిగాడు. ఆరోగ్యానికి నడక ఎంత మంచిది! చూడండి, డాక్టరు లేకుండా వాడినా సూది మేలే చేసింది.

రెండోసారి సూదులు వేయించుకుని వచ్చిన సాయంత్రం, నేను వద్దంటున్నా వినకుండా స్తుతి పాట ప్రాక్టీసుకు చర్చికి వెళ్లింది. చున్నీ కప్పుకునే వెళ్లింది, ఎండ తగలకుండా గొడుగు పట్టుకుని నేనూ వెంట నడిచాను. పాడటానికి చున్నీ తీయగానే పాస్టరమ్మ తబితా గారు చూశారు.

"అయ్యో స్తుతీ! ముఖం గట్ల అయిందేంది? ఎవరన్న కొట్టిండ్రా?" అని అరిచి, ఎవరు ఏం చెప్పినా వినిపించుకోకుండా ప్రార్థన బృందాన్ని పిలిచారు. పిలవడం ఆలస్యం, ఆడవాళ్లంతా చుట్టూ మూగారు. పాస్టరమ్మ చేతిలో ప్రార్థన నూనె సీసా! ఎవరికి జబ్బు చేసినా ఆ నూనె నుదుటికీ చెంపలకూ రాసి ప్రార్థించడం మా దగ్గర ఆనవాయితీ. మంచి ఆనవాయితీయే. కానీ ఆ రోజు ఆ బుగ్గ మీద తెరుచుకుని ఉన్న రంధ్రాలెన్నో నాకు తెలుసు కదా!

నేను గొడుగు తెరిచి అడ్డం పెట్టాను. చర్చిలో, పైకప్పు కింద, గొడుగు!

"నూనె వద్దన్నది డాక్టరమ్మ" అన్నాను.

"దేవుని నూనె గూడనా?"

"దేవుని నూనె గూడ. చర్మం మానినంకనే."

పాస్టరమ్మ మధ్యేమార్గం కనిపెట్టారు. అందరూ గొడుగుకు ఇవతల నిలబడి, చేతులు చాచి, నూనె లేకుండా ప్రార్థించారు. డాక్టరు చెప్పినట్టే రెండు మూడు రోజుల్లో ఎరుపు తగ్గిపోయింది. తర్వాతి ఆదివారం పాస్టరమ్మ లేచి, భయంకరమైన వ్యాధి ఒకటి మన సంఘంలోని బిడ్డను విడిచి పారిపోయిందని సాక్ష్యం చెప్పారు. అందరూ చప్పట్లు కొట్టారు. స్తుతి కూడా కొట్టింది. ఏం చేస్తుంది?

ఆలోచించండి, వైద్యం ఒకటి, స్వస్థతలు రెండు! ఏ మందు షాపులో దొరుకుతుంది ఇలాంటి ఆఫర్?

నెలలు గడిచాయి. గుంటలు తగ్గాయి. పూర్తిగా పోలేదు, బాగా తగ్గాయి. ఎబినేజర్ వచ్చి, ఫోన్ కెమెరాలో ఆ వైపూ ఈ వైపూ చూసి, "ఇగ పర్వాలేదక్కా, నడుస్తది" అని పాస్ మార్కులు వేశాడు. పాట స్తుతిదే అయింది.

స్వర్ణోత్సవం సాయంత్రం. చర్చి నిండి, బయట షామియానా కూడా నిండింది. స్తుతి నేను కుట్టిన తెల్ల గౌనులో వేదిక ఎక్కింది. స్క్రీన్ మీద దాని ముఖం గోడంత కనపడింది. పల్లవి అందుకుంది. మొదటి చరణం అయింది. నేను కళ్లు మూసుకున్నాను. ఇక మా నాన్న చరణం. పక్కన మా తమ్ముడు కండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

వినపడింది మొదటి చరణమే. మళ్లీ అదే.

సంగీతంలో ఇదో పద్ధతేమో అనుకున్నాను. పల్లవి పాడి ఆపేసింది. చప్పట్లు మోగిపోయాయి. కిందికి దిగగానే జనం దాన్ని చుట్టేశారు. నేను మోచేతులతో దారి చేసుకుని దగ్గరికి వెళ్లేసరికి పొగడ్తల వాన కురుస్తోంది.

"ఎంత నున్నగైంది బుగ్గ!"

"మా బిడ్డకు గూడ గక్కడ్నే చేపియ్యాలె, డాక్టర్ నెంబరియ్యమ్మా!"

"నా ప్రార్థన ఊకె పోలేదు" అన్నారు పాస్టరమ్మ, కళ్లు తుడుచుకుంటూ.

పుల్లమ్మ స్తుతి గడ్డం పట్టుకుని స్క్రీన్ లైటు వైపు తిప్పి, "సూదంటె గిది!" అంది.

స్తుతి అందరికీ తల ఊపి, నా చెయ్యి పట్టుకుని చెప్పులు విడిచిన చోటికి లాక్కెళ్లింది. అక్కడ దాని నవ్వు చూడాలి! పొట్ట పట్టుకుని, గోడకు ఆనుకుని, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది.

"అత్తా, రెండో చరణం మర్చిపోయిన! తలెత్తి చూస్తె స్క్రీన్ మీద నా బుగ్గే, తలుపంత! చూసుకుంట నిలబడ్డ, మాటలన్ని ఎగిరిపోయినయ్. భయమై మొదటి చరణమే మళ్ల పాడిన. ఎవ్వరు గుర్తుపట్టలె అత్తా! ఒక్కలు గూడ!"

నవ్వుతూ నవ్వుతూనే ఏ క్షణంలో ఏడుపులోకి మారిందో దానికే తెలియలేదు. నాకూ తెలియలేదు.

నాకు నమ్మకం కలగలేదు. ఇంత మందిలో ఒక్కరైనా వినకుండా ఉంటారా? లోపలికి వెళ్లి ఎబినేజర్‌ను అడిగాను. రెండో చరణం ఎట్లుంది తమ్మీ అని.

"సూపరక్కా! రెండో చరణంల లైటింగ్ ఇంక మంచిగ పడ్డది."

పాస్టరమ్మను అడిగాను. ఆ చరణంలోనే తనకు కన్నీళ్లు ఆగలేదన్నారు. తర్వాత యూట్యూబ్‌లో వీడియో పెట్టారు. కింద కామెంట్లన్నీ చదివాను. గ్లో అన్నారు, క్రీము పేరడిగారు, ఏ క్లినిక్ అన్నారు, ఎన్ని సిట్టింగులన్నారు. పాట అనే మాట ఎవరైనా రాశారేమో అని కిందిదాకా వెతికాను. మా తమ్ముడు పెట్టిన దండం గుర్తు ఒక్కటే ఉంది.

కాబట్టి పాఠకులారా, మైక్రోనీడ్లింగ్ గొప్పతనం మీకిప్పుడు పూర్తిగా అర్థమై ఉండాలి. చరణాలు మర్చిపోయే గాయకులారా, పాఠం చదువుకోకుండా వచ్చే టీచర్లారా, పాత ఉపన్యాసమే మళ్లీ ఇచ్చే నాయకులారా, పరుగున వెళ్లి సూదులు వేయించుకోండి! బుగ్గ నున్నగా ఉంటే చాలు, నోట్లోంచి ఏం వచ్చినా ఎవరూ పట్టించుకోరు. గుంటలున్నప్పుడు ఆ పిల్ల గుంటలు చూశారు. తగ్గాక తగ్గడం చూశారు. మూడు నెలలు ముఖమంతా పొడిపించుకున్నది ఎందుకో, అది మాత్రం ఎవరికీ పట్టలేదు. నాకు కోపంగా ఉంది. కత్తెర జారి జాకెట్టు పాడైన రోజు కూడా నాకింత కోపం రాలేదు.

మీరు వినని ఆ చరణం ఇదిగో. మా నాన్న షిఫ్టు దిగి వస్తుంటే బాయి గేటు దగ్గర మా అమ్మ నీళ్ల చెంబుతో నిలబడేది. వచ్చేవాళ్లంతా బొగ్గుతో ఒక్కలాగే ఉండేవాళ్లు. ఎవరు ఎవరి మొగుడో పోల్చుకోవడం ఎవరి తరమూ కాదు. స్తుతి అది విని రాసింది.

మసి పూసిన ముఖాలలో తనవాడిని వెదికెను
గొంతు విని గుర్తుపట్టి నీళ్ల చెంబు చాపెను
అట్టి ప్రేమ నీది కాదా, నా గొంతు ఎరిగినవాడా!

వచ్చే ఆదివారం సాయంత్రం ఆరాధనలో స్తుతి మళ్లీ పాడబోతోంది. అయ్యగారు ఒప్పుకున్నారు. ఎబినేజర్ కొత్త లెన్సు కూడా తెప్పించాడట, చాలా సంతోషం. సరిగ్గా రెండో చరణం దగ్గర చర్చిలో కరెంటు పోతుంది. స్క్రీనూ పోతుంది, మైకూ పోతుంది. ఎవరూ కంగారుపడి సెల్‌ఫోన్ లైట్లు వేయకండి, చరణం అయ్యేదాకా ఎక్కడివాళ్లక్కడే కూర్చోండి. మెయిన్ స్విచ్ దగ్గర నేనే ఉంటాను.